నాచు చేసిన ప్రయాణము

చెఱువు గట్టున నిలిచి చూచినవారికి, నీటిలో పచ్చగా ఊగులాడు తీగనాచు క్రొత్తది కాదు. సన్నని కాడ చుట్టును చిన్న ఆకులు చక్రమువలె అమరియుండును. శాస్త్రజ్ఞులు దీనిని హైడ్రిల్లా అందురు. ఇంతటి అల్పమైన మొక్కకును చరిత్ర కలదని మనవి చేయుటయే మా ఉద్దేశము.

పదునెనిమిదవ శతాబ్ది చివర సామర్లకోటలో నివసించి, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గు దొర దీనినిగూర్చి యొక విశేషము వ్రాసెను. పంచదార శుద్ధిచేయువారు తడినాచును చక్కెరపై కప్పుచుండిరట. అందుండి మెల్లగా దిగు నీరు మడ్డిని క్రిందికి దించి, చక్కెరను తెల్లబఱచును. వెస్టిండీసులో ఆ పనికి తడి బంకమట్టిని వాడుచుండిరి.

1950 దశకము తొలినాళ్లలో ఈ నాచు సింహళమునుండి, చేపల గాజుతొట్ల అలంకారమునకై, అమెరికాలోని ఫ్లారిడాకు చేరినది. టాంపా ప్రాంతమున కాలువలోనికి విసరిన తీగలు చావలేదు. 1960 నాటికి మయామి చెంత కాలువలోను, క్రిస్టల్ నదిలోను దట్టముగా కనబడినవి. అచట వ్యాపించినవన్నియు ఆడమొక్కలే, గింజ కట్టవు. అయిననేమి? తునిగిన ముక్కయు, బురదలోని చిన్న దుంపయు చాలును. పడవలు నడవవు, కాలువలు పాఱవు.

1994లో ఆర్కన్సా రాష్ట్రమున డిగ్రే సరోవరము వద్ద గ్రద్దలు మూకుమ్మడిగా మరణించినవి. దాని మూలము 2021లో గాని పూర్తిగా తేలలేదు. నాచు ఆకులపై పెరుగు ఒక సూక్ష్మజీవి విషమును పుట్టించును. ఆ నాచును మేసిన నీటికోళ్లను తిని గ్రద్దలు చచ్చినవి.

తప్పు మొక్కది అనవచ్చునా? మన దేశమున దానిని తిను పురుగులును దానితోపాటే కలవు. పరదేశమునకు అది ఒంటరిగా పోయినది. అందుచేతనే 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు, దాని ఆకులను తొలుచు చిన్న ఈగను భారతదేశమునుండి తెప్పించి ఫ్లారిడా జలములలో విడిచిరి.

మనమును ఇట్టి చేదు ఎఱుగనివారము కాము. దక్షిణ అమెరికానుండి అందమైన పూవుగా వచ్చిన గుఱ్ఱపుడెక్క మన కాలువలను కప్పుచునే యున్నది. కావున గాజుతొట్టిలో చేపలను పెంచు గృహస్థులకు మా విన్నపమొక్కటే: పెరిగిన తీగలను ఎండబెట్టి మట్టిలో కలుపుడు, కాలువలో మాత్రము వేయకుడు. చేతినిండ నాచు ఒక దేశపు నీటిని మూయగలదని చరిత్ర చెప్పుచున్నది.