కనుమదారి బండ్లు, కంటికానరాని సెన్సారు

నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్న జి.మాడుగుల సీమయందు మోటారు మరమ్మతు వృత్తి బాటల వెనువెంట వచ్చినది. ఆ బాటల గాథయో, దుఃఖభరితము. పొరుగున లంబసింగి దారి వేయించుటకు గూడెం తహశీల్దారు బాస్టియన్ గిరిజనులచే చాలీచాలని కూలికి నిర్బంధముగా పని చేయించుట 1922 నాటి మన్యవిప్లవ కారణములలో నొకటి.

స్వాతంత్ర్యానంతరము కనుమల నేలినది జీపు. కమాండర్ వంటి డీజిల్ బండ్లలో ఇంధనపు పంపు కేవల యాంత్రికమగుటచే, గొట్టములలో చేరిన గాలిని వెడలింప నేర్చినవాడు సంతదారి నడుమనైనను బండిని కదలింపగలిగెడివాడు. ఆ విద్య కంటికి, చెవికి, చేతికి లోబడినది.

ఉద్గారనిబంధనలు బిగిసిన కొలది (2017లో బి.ఎస్.4, 2020లో బి.ఎస్.6 దేశమంతట అమలైనవి) ఇంజనుల పాలన కంప్యూటరు వశమయ్యెను. పెక్కు బండ్లలో ఇంజను వెనుక, ఫ్లైవీలు చెంత, చేయి చొరని ఇరుకున దాగియుండు క్రాంకు సెన్సారు, తిరుగు చక్రపు పండ్లను గమనించి, లోపించిన పంటి చోటును బట్టి పిస్టను స్థితి నెరిగించును. అది చెడినచో స్టార్టరు తిరుగును గాని ఇంజను అందుకొనదు.

ఆ తరములో తొలి బండ్లును నేడు ముసలివైనవి. చెడిన సెన్సారును మార్చుటకు బ్యాటరీ తీగ విప్పి, ఇంజను చల్లారిన పిదప, బండి క్రిందికి దూరి, పొడవాటి కడ్డీ తగిలించిన పానాతో, కానరాని బోల్టును వ్రేళ్ళ స్పర్శచేతనే వెదకవలెను. పట్టుకొనిపోయిన సెన్సారును పెరికివేయక మెల్లగా అటునిటు త్రిప్పి తీయుట మేలు. విరిగిన ముక్క లోపల మిగిలినచో శ్రమ పదిరెట్లగును. అంతకు ముందే తీగను, కనెక్టరును పరీక్షింపని తొందరపాటు నాకెన్నడును నచ్చదు. పలుమారు దోషమచ్చటనే యుండును.