ఉక్కు గోళం నుంచి కవచ్ వరకు: రైలు భద్రతలో మనిషి స్థానం

ఒంటి లైను మీది ఒక చిన్న స్టేషను. ఆగకుండా సాగిపోయే మెయిలు బండి కోసం ప్లాట్‌ఫారం అంచున పాయింట్స్‌మన్ బెత్తపు వలయాన్ని పైకెత్తి పట్టుకొని నిలబడతాడు. కదులుతున్న ఇంజను నుంచి చేయి చాచిన సహాయ డ్రైవరు దానిని భుజానికి తగిలించుకొని, వెనుకటి స్టేషనులో అందుకున్న వలయాన్ని కిందికి జారవిడుస్తాడు. వలయానికి కట్టిన తోలు సంచిలో ఒక ఉక్కు గోళం ఉంటుంది. దశాబ్దాల పాటు భారతీయ రైల్వేలలో నిత్యకృత్యంగా సాగిన ఈ దృశ్యాన్ని కిటికీల పక్కన కూర్చున్న ప్రయాణికులు వేడుకగా చూసేవారు. తమ ప్రాణాలకు ఆ గోళమే పూచీ అన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు.

నీల్ టోకెన్ యంత్రంగా పేరొందిన ఈ ఏర్పాటులో ఇరుగుపొరుగు స్టేషన్లలోని రెండు యంత్రాలు విద్యుత్తు తీగలతో అనుసంధానమై ఉంటాయి. ముందున్న స్టేషను మాస్టరు సమ్మతించి తన యంత్రాన్ని తిప్పితే తప్ప వెనుక ఉన్న స్టేషను మాస్టరుకు గోళం చేతికి రాదు. ఒక గోళం బయటికి వచ్చిన తరువాత, అది రెండింటిలో ఏదో ఒక యంత్రంలోకి తిరిగి చేరేవరకు మరొకటి రాదు. గోళం లేనిదే డ్రైవరు ఆ సెక్షనులోకి బండిని నడపరాదు. కనుక ఒకే పట్టాల మీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చే అవకాశం ఉండదు. మనిషి పొరపడతాడన్న సత్యాన్ని ముందుగానే ఒప్పుకొని, ఆ పొరపాటు ప్రాణాంతకం కాకుండా యంత్రాన్ని రూపొందించడమే ఇందులోని విశేషం. నేడు ఇంజనీరింగు శాస్త్రంలో ‘మానవ కారకాల’ అధ్యయనం అని పిలుస్తున్న దృక్పథానికి ఇది తొలినాటి ఉదాహరణలలో ఒకటి.

సంతకం లేని తంతి

ఈ దృక్పథం ఒక్కనాటితో ఏర్పడలేదు. 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందర్ నుంచి ఠాణేకు దేశంలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. దక్షిణాదిన 1856 జూలై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా వరకు రైలు మార్గం ప్రారంభమయింది. ఆ తొలి రోజులలో భద్రత ప్రధానంగా గడియారం మీద, వేళల పట్టిక మీద, ఉద్యోగి విధేయత మీద ఆధారపడి ఉండేది. ఆ తరువాత తంతి వచ్చింది. స్టేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగాయి. అయితే మాట ఉన్నచోట అపార్థానికీ చోటుంటుంది.

1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులో నారిచ్ సమీపాన థార్ప్ వద్ద ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఒక బండిని రానిమ్మని తంతి గుమాస్తా పంపిన సందేశం మీద అధికారి సంతకం లేదు. ఆ సందేశం వెళ్లిన సంగతి తెలియని అధికారి రెండవ బండిని పంపించాడు. నిబంధన ప్రకారం సంతకం తప్పనిసరి. తొందరలో ఉన్న ఇద్దరు మనుషుల నడుమ ఆ నిబంధన కాగితానికే పరిమితమయింది. ఈ దుర్ఘటన జరిగిన నాలుగేళ్లకు, 1878లో, ఎడ్వర్డ్ టయర్ రూపొందించిన విద్యుత్ టాబ్లెట్ యంత్రం వెలువడింది. నీల్ గోళానిదీ అదే వంశం. కాగితం మీద రాసిన నిబంధన అంతటితో ఇనుప రూపం దాల్చింది.

స్టేషను యార్డులోనూ ఇటువంటి పరిణామమే జరిగింది. పట్టాలను ఒక దారి నుంచి మరొక దారికి మళ్లించే పాయింట్లను, బండికి అనుమతినిచ్చే సిగ్నలును వేర్వేరుగా లాగినంతకాలం వాటి మధ్య పొంతన కేబిన్‌మన్ జ్ఞాపకశక్తిలోనే ఉండేది. 1856లో జాన్ సాక్స్‌బీ పేటెంటు పొందిన ఇంటర్‌లాకింగ్ పద్ధతి ఆ భారాన్ని మీటలకు అప్పగించింది. దారి సరిగా అమరనిదే సిగ్నలు మీట కదలదు. అయినప్పటికీ ఖర్చుకు వెనుకాడిన కంపెనీలు చాలాకాలం తాత్సారం చేశాయి. 1889 జూన్‌లో ఐర్లండులోని ఆర్మా వద్ద విహారయాత్ర బండి ప్రమాదంలో దాదాపు 80 మంది మరణించారు. వారిలో పిల్లలు అనేకులు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు బ్లాకు పద్ధతిని, ఇంటర్‌లాకింగ్‌ను, ప్రయాణికుల బండ్లకు అవిచ్ఛిన్న బ్రేకులను తప్పనిసరి చేస్తూ శాసనం తెచ్చింది.

విచారణ జరిపే అధికారి రైళ్లను నడిపే యంత్రాంగానికి లోబడి ఉండరాదన్న సూత్రాన్ని భారతదేశం 1941లో ఆచరణలో పెట్టింది. రైల్వే తనిఖీ అధికారులను రైల్వే బోర్డు పరిధి నుంచి తప్పించి తపాలా, వైమానిక శాఖకు అప్పగించారు. నేటికీ రైల్వే భద్రతా కమిషను పౌర విమానయాన మంత్రిత్వ శాఖ కిందనే పనిచేయడానికి మూలం ఇదే.

‘పైలట్ తప్పిదం’ వెనుక

ప్రమాదానికి కారణం ‘మానవ తప్పిదం’ అని తేల్చి దస్త్రం మూసివేసే అలవాటును తొలిసారి శాస్త్రీయంగా ప్రశ్నించినది విమానరంగం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ బి-17 బాంబరు విమానాలు నేలమీద దిగిన తరువాత పైలట్లు రెక్కల ఫ్లాపులను ముడవబోయి చక్రాలను ముడిచివేసేవారు. అనుభవజ్ఞులకూ ఈ పొరపాటు తప్పలేదు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉండడమే కారణమని 1943లో ఆల్ఫోన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వవేత్త గుర్తించాడు. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారంలో, ఫ్లాపు మీటకు రెక్క ఆకారంలో పిడులు అమర్చగానే చేతి స్పర్శే తేడాను చెప్పింది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ‘పైలట్ తప్పిదాలు’గా నమోదైన 460 అనుభవాలను పరిశీలించి, వాటిలో అధికభాగం పరికరాల అమరిక నుంచి పుట్టినవేనని చూపారు.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం ఇదే పాఠాన్ని మరింత పెద్ద స్థాయిలో పునరావృతం చేసింది. ఒక వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. గదిలోని దీపం మాత్రం వాల్వును మూయమని ఆదేశం వెళ్లిన సంగతినే చూపింది. అది నిజంగా మూసుకున్నదా అన్నది చూపలేదు. సిబ్బంది దీపాన్ని నమ్మారు.

ఫిరోజాబాద్, గైసాల్, మాసాయిపేట

భారతీయ రైల్వేల చరిత్రలోని కొన్ని విషాదాలను ఈ వెలుగులో తిరిగి చదవవలసి ఉంది. 1995 ఆగస్టు 20 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ సమీపంలో కాళింది ఎక్స్‌ప్రెస్ ఒక పశువును ఢీకొని పట్టాల మీదనే నిలిచిపోయింది. అది పూర్తిగా దాటిపోయిందో లేదో నిర్ధారించుకోకుండానే వెనుక వస్తున్న పురుషోత్తమ్ ఎక్స్‌ప్రెస్‌కు మార్గం ఇచ్చారు. 300 మందికి పైగా మరణించారు. బండి చివరి పెట్టె వెళ్లిందని కంటితో చూసి రూఢి చేసుకోవడం నిబంధన. అర్ధరాత్రి దాటిన తరువాత, అలసిన కంటి మీద వందలాది ప్రాణాల భారం మోపిన నిబంధన అది. పట్టాలపై చక్రాల ఇరుసులను లెక్కించి సెక్షను ఖాళీ అయినదో కాదో తానే తేల్చే ఆక్సిల్ కౌంటరు ఆ భారాన్ని తగ్గించే సాధనం.

1999 ఆగస్టు 2న అర్ధరాత్రి దాటిన తరువాత పశ్చిమ బెంగాల్‌లోని గైసాల్ వద్ద అవధ్ అస్సాం ఎక్స్‌ప్రెస్, బ్రహ్మపుత్ర మెయిల్ ఒకే లైను మీద ఎదురెదురుగా ఢీకొని 285 మందికి పైగా అసువులు బాశారు. నిర్మాణ పనుల వేళ సాధారణ రక్షణ ఏర్పాట్లు పక్కకు తొలగి, భద్రత మళ్లీ మనుషుల అప్రమత్తత మీదికి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో ఈ దుర్ఘటన తెలియజేసింది.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని లెవెల్ క్రాసింగును దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొన్నది. పది మందికి పైగా చిన్నారులు బలయ్యారు. దూరం నుంచి వచ్చే పెద్ద వస్తువు అసలు వేగం కన్నా నెమ్మదిగా వస్తున్నట్లు కంటికి తోచవచ్చునని దృష్టి శాస్త్రజ్ఞులు చెబుతారు. అటువంటి కంటికి తీర్పు చెప్పే పని అప్పగించకుండా ఉండడమే నివారణ. లెవెల్ క్రాసింగులను పూర్తిగా తొలగించాలని అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి సంఘం 2012లోనే సిఫారసు చేసింది. బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలాలేని క్రాసింగుల తొలగింపు 2019 జనవరి నాటికి పూర్తయింది.

తీగ మీది చీటీ

యంత్రం మనిషి తప్పును ఆపగలదు. అయితే ఆ యంత్రాన్ని బిగించేదీ, మరమ్మతు చేసేదీ మనిషే. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ వద్ద ఇది రుజువయింది. షాలిమార్ నుంచి చెన్నైకి తెలుగు నేల మీదుగా వెళ్లవలసిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గంలో సాగిపొమ్మని ఆకుపచ్చ సిగ్నలు వచ్చింది. పాయింట్లు మాత్రం గూడ్సు బండి నిలిచి ఉన్న లూపు లైను వైపు అమరి ఉన్నాయి. 290 మందికి పైగా మరణించారు. లెవెల్ క్రాసింగు వద్ద సిగ్నలు తీగల మార్పిడి పనిలో జరిగిన లోపాలే దీనికి కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణ తేల్చింది. పెట్టెలోని తీగల మీద తప్పు చీటీలు ఏళ్ల తరబడి ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోయాయి. 2022 మేలో అదే రైల్వే జోనులోని మరొక స్టేషనులో ఈ తరహా లోపమే బయటపడింది. అప్పుడే తగిన దిద్దుబాటు జరిగి ఉంటే ఈ ప్రమాదం తప్పేదని నివేదిక పేర్కొన్నది.

ఇక్కడ తప్పు చేసిన ‘మనిషి’ ఎవరు? చీటీ అంటించిన ఉద్యోగి ఒక్కడేనా? పరీక్షించకుండా పనిని అంగీకరించిన పద్ధతి, ముందరి హెచ్చరికను ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు చేర్చని వ్యవస్థ కూడా ఆ ప్రశ్నకు సమాధానంలో భాగమే. అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద విశాఖపట్నం-రాయగడ ప్యాసింజరు ముందున్న బండిని వెనుక నుంచి ఢీకొని 14 మంది మరణించారు. లోపం తలెత్తిన ఆటోమేటిక్ సిగ్నళ్లను నిబంధనకు విరుద్ధంగా దాటిపోవడమే కారణమని ప్రాథమిక విచారణ చెప్పింది. తమ పక్షం వినిపించడానికి ఆ బండిని నడిపినవారు ప్రాణాలతో మిగలలేదు.

చేయీ, యంత్రమూ

ఈ పరంపరలో తాజా అధ్యాయం ‘కవచ్’. లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. దేశీయ పరిశ్రమలతో కలిసి రూపొందించిన ఈ వ్యవస్థ పట్టాల మీది ట్యాగులు, రేడియో సంకేతాల ద్వారా ఇంజనుకు సమాచారం అందిస్తుంది. డ్రైవరు ఎర్ర సిగ్నలును గమనించకపోతే తానే బ్రేకు వేస్తుంది. దీని తొలి పరీక్షలకు తెలంగాణ, కర్ణాటకలలోని దక్షిణ మధ్య రైల్వే మార్గాలు వేదికయ్యాయి. 2016లో ప్రయాణికుల బండ్ల మీద ప్రయోగాలు మొదలయ్యాయి. 2022 మార్చి 4న వికారాబాద్ ప్రాంతంలోని గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి దీనిని పరీక్షించారు. ఉక్కు గోళం చేసిన పనినే రేడియో తరంగం మరింత విస్తృతంగా చేస్తున్నది. అయినా ఇంటర్‌లాకింగ్ నుంచి తప్పుడు సమాచారం వస్తే కవచ్ దానిని నమ్మక తప్పదు. తీగ మీది చీటీ సరిగా ఉండవలసిన అవసరం నాడూ నేడూ ఒక్కటే.

మనిషిని తొలగించడమే పరిష్కారం కాదని జపాన్ రైల్వేల అనుభవం చెబుతుంది. అక్కడ డ్రైవరు సిగ్నలును వేలితో చూపి, దాని స్థితిని పైకి పలుకుతాడు. ఈ అలవాటు పొరపాట్లను గణనీయంగా తగ్గిస్తుందని 1994లో అక్కడి రైల్వే పరిశోధనా సంస్థ జరిపిన ప్రయోగంలో తేలింది. భారతీయ ఇంజన్లలోనూ డ్రైవరు, సహాయకుడు సిగ్నలు రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకునే నియమం ఉంది. నిద్ర కరవైన గొంతు ఆ మాటను యాంత్రికంగా పలుకుతుంది. అందువల్ల పనివేళల నియమం, రన్నింగ్ రూములో విశ్రాంతి, ఇంజను కేబినులో కనీస సదుపాయాలు సిబ్బంది సంక్షేమానికి మాత్రమే సంబంధించినవి కావు. సిగ్నలు దీపం ఎంతటి భద్రతా సాధనమో అవీ అంతే.

టోకెన్ గోళాన్ని రూపొందించినవారు స్టేషను మాస్టరును అనుమానించలేదు. అర్ధరాత్రి వేళ ఒంటరిగా కూర్చున్న ఆ మనిషికి మరొక స్టేషనులోని మరొక మనిషిని తోడుగా ఇచ్చారు. ఇద్దరూ సమ్మతిస్తేనే గోళం కదిలింది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘తప్పు ఎవరిది’ అన్న ప్రశ్నతో పాటు ‘ఆ తప్పు జరగడానికి వీలు ఎలా కలిగింది’ అన్న ప్రశ్నను కూడా విచారణ నివేదికలు అడిగిన మేరకే, ఆ పాత యంత్రం నేర్పిన వివేకం కొత్త యంత్రాలకూ అందుతుంది.