పుస్తకంలో మాట, నోట్లో మాట



ఒక బుధవారం సాయంకాల ప్రార్థన ముగిశాక, గుమ్మం ముందు పరుగెత్తుతున్న పిల్లవాడు నీళ్ల బిందె తన్నేశాడు. "ఓరి వెధవా, కళ్లు కనబడవా?" అని మేము గట్టిగా కేకేశాం. అక్కడే కూర్చున్న ఒక పెద్దమ్మ తల వంచుకుంది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న తల్లి. అందరూ వెళ్లాక మెల్లగా అంది: "అయ్యగారూ, అత్తారింట్లో నా పేరు అందరూ మర్చిపోయారండీ. ఆ మాటతోనే పిలిచేవారు."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

వెధవ అంటే ఎవరు? భర్త చనిపోయిన స్త్రీని సంస్కృతంలో విధవ అంటారు. ఆ మాటే మన నోళ్లలో నలిగి వెధవ అయింది. ఒక స్త్రీ దుఃఖానికి పెట్టిన పేరు, పనికిమాలినవాడికి తిట్టుగా మారింది. ఎందుకు మారిందో చరిత్ర చెబుతుంది.

వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. అయినా మన ప్రాంతంలో కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు 11 అయింది. చట్టం వచ్చి పాతికేళ్లు! ఈలోగా పసిపిల్లలను డబ్బుకు ముసలివాళ్లకు కట్టబెడుతూనే ఉన్నారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖ మండలంలో లెక్క తీయిస్తే, బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1,034 తేలాయని గురజాడ అప్పారావు గారు తన ముందుమాటలో రాశారు. ఆ పిల్లల్లో ఐదేళ్లవాళ్లే 99 మంది. ముసలి భర్త పోతే ఆ పిల్లకు మిగిలేది ఆ ఒక్క మాటే.

గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అందులో వెధవ అనే తిట్టు మాటిమాటికీ వినిపిస్తుంది. అదే ఇంట్లో బుచ్చమ్మ ఉంది. చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల. మరి ఆ పుస్తకంలోంచి ఆ మాట కొట్టేయాలా? వద్దని మా అభిప్రాయం. కొట్టేస్తే ఆ ఇల్లు మర్యాదస్థుల ఇల్లులా కనబడుతుంది, బుచ్చమ్మ బాధ కనబడదు. గాయాన్ని చూపించడానికి రాసిన పుస్తకం అది. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు ఆ మాట దగ్గర ఆగి, దాని కథ చెప్పాలి.

నోటి మాట సంగతి వేరు. అది మార్చుకోవచ్చు. మనవాళ్లు మార్చి చూపించారు కూడా. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది. పంచములు అంటే నాలుగు వర్ణాలకు బయటివాళ్లని అర్థం. మేము బయటివాళ్లం కాము, ఈ నేలకు మొదటివాళ్లం అని ఆ సభ 'ఆది ఆంధ్ర' అనే పేరు పెట్టుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును ఒప్పుకుంది. దెబ్బ తిన్నవాళ్లు చెప్పారు, లోకం విన్నది.

"అది ఊతపదం అయ్యగారూ, ఆ అర్థంతో ఎవరంటారు?" అని కొందరు అడిగారు. మేమూ ఆ అర్థంతో అనలేదు. కానీ అనేవాడు మర్చిపోయిన అర్థం వినేవాళ్లకు గుర్తుంటుంది. కులం పేర్లు తిట్లుగా విన్న మనకు ఇది వేరే చెప్పాలా? మనల్ని అంటే నొచ్చుకునే మనమే ఇంకొకరిని అంటున్నాం.

నాయీను ఊరి గుమ్మం దగ్గర ప్రభువు ఒక విధవరాలిని చూసి కనికరపడ్డాడు. ఆయన కనికరపడిన మనిషి పేరును మనం తిట్టుగా వాడుతున్నాం. నాలుక చిన్న అవయవమని యాకోబు భక్తుడు ఊరికే హెచ్చరించలేదు.

మరుసటి ఆదివారం ఆ తల్లిని సంఘం ముందే క్షమాపణ అడిగాం. ఆమె కన్నీళ్లు తుడుచుకుని, "బిందె తన్నిన పిల్లవాణ్ణి మాత్రం వదలకండి అయ్యగారూ" అంది. అందరం నవ్వాం. ఇప్పుడు వాణ్ణి "ఓరి అల్లరి పిడుగా" అంటున్నాం. ఒక్కోసారి పాత మాట నాలుక చివరి దాకా వస్తుంది, మింగేస్తున్నాం. ఈ వారం మీ ఇళ్లలోనూ ప్రయత్నించండి.

ప్రభువు మన నోటికి కావలి ఉంచును గాక. ఆమేన్.