గనుల లోహ కాలుష్యం (కొండపల్లి – బుడమేరు)

గనుల వ్యర్థ శిలల నుంచి లోహాలు వాననీటిలో కరిగి గానీ, ఒండ్రుతో కొట్టుకుపోయి గానీ ఏరుల్లో చేరడాన్ని గనుల లోహ కాలుష్యం అంటారు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి విడిపోయిన ఎన్టీఆర్ జిల్లాలో, జి.కొండూరుకు చేరువలోని కొండపల్లి కొండల్లో గతంలో క్రోమైట్ తవ్వారు. ఈ ప్రాంతపు వాననీటిని మోసే బుడమేరు వెలగలేరు రెగ్యులేటర్ వద్ద చీలుతుంది: ఒక పాయ మళ్లింపు కాలువగా కృష్ణలో కలుస్తుంది, రెండోది విజయవాడ మీదుగా కొల్లేరుకు పోతుంది.

క్రోమైట్‌లోని క్రోమియం త్రిసంయోజక రూపంలో ఉంటుంది. అది నీటిలో దాదాపు కరగదు. మట్టిలోని మాంగనీస్ ఆక్సైడ్లు దాన్ని ఆక్సీకరిస్తే ఏర్పడే షట్సంయోజక క్రోమియం తేలిగ్గా కరుగుతుంది, క్యాన్సర్ కారకం కూడా. తాగునీటిలో మొత్తం క్రోమియానికి భారత ప్రమాణాల సంస్థ విధించిన పరిమితి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. దేశంలో క్రోమియం కాలుష్యపు తీవ్రరూపం ఒడిశాలోని సుకిందా లోయలో, దంసాల వాగు పొడవునా కనిపిస్తుంది.

బుడమేరులో దొరికే లోహాలన్నిటినీ గనులకే ఆపాదించడం సరికాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రపు బూడిద, పరిశ్రమల వ్యర్థజలం, నగర మురుగు కూడా ఈ పరీవాహకంలోనివే.