గిటార్ అభ్యాస పద్ధతుల చరిత్ర

గిటార్ మీద కార్డులు (కలిపి మోగించే స్వరాలు), స్కేళ్లు (స్వరాల వరసలు), వేళ్ల సాధన నేర్పే పద్ధతులకు నాలుగు వందల ఏళ్లకు పైబడిన లిఖిత చరిత్ర ఉంది. కర్ణాటక సంగీతంలో విద్యార్థి సరళీ స్వరాలతో మొదలుపెట్టి కీర్తనకు చేరతాడు. గిటార్ బోధన ఇందుకు తలకిందులుగా నడిచింది. ముందు కార్డు వచ్చింది, స్కేలు సాధనకు పెద్దపీట చాలా ఆలస్యంగా దక్కింది. చేతికి ఒక ఆకారం అలవాటు చేసి వెంటనే పాట పట్టించడమా, స్వరస్థానాలన్నీ తెలుసుకుని వాయించడమా అన్న పెనుగులాట ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

ఇందుకు వాద్యం నిర్మాణమే మూలం. నేటి గిటార్ ఆరు తీగలను మంద్రం నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేస్తారు. పక్కపక్క తీగల మధ్య షడ్జమం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత దూరం ఉంటుంది. జి, బి తీగల మధ్య మాత్రం అంతర గాంధారమంత దూరమే. ఈ ఒక్క తేడా వల్ల కార్డులు నాలుగు వేళ్లకు సులువుగా అందుతాయి. స్కేలు ఆకారం మాత్రం సరిగ్గా అక్కడే విరుగుతుంది. పైగా ఒకే స్వరం చాలాచోట్ల దొరుకుతుంది. అన్నిటికన్నా సన్నని తీగను నొక్కకుండా మీటితే పలికే స్వరమే బి తీగ 5వ ఫ్రెట్‌లో (మెట్టులో), జి తీగ 9వ ఫ్రెట్‌లో, డి తీగ 14వ ఫ్రెట్‌లో కూడా ఉంది. పియానోలో ఒక స్వరానికి ఒకే మీట కాబట్టి ఈ చిక్కు లేదు. గిటారిస్టు ఏ స్వరం అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా తేల్చుకోవాలి. అభ్యాస గ్రంథాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నకు జవాబులే.

స్పెయిన్ సంగీతకారుడు ముదార్రా 1546లో సెవిల్‌లో అచ్చువేసిన పుస్తకంలో నాలుగు వరసల తీగల గిటార్‌కు రచనలు ఉన్నాయి. అయితే సామాన్యుడికి గిటార్ నేర్పాలన్న పట్టుదలతో వచ్చిన పుస్తకం కాటలోనియా వైద్యుడు జోన్ కార్లెస్ అమాత్ రాసినది. 1596 నాటి ఆ చిన్న పుస్తకం ఐదు వరసల తీగల గిటార్‌కు పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కార్డులను అంకెలు వేసి చూపింది. స్వరలిపి రానివాడు కూడా ఆ అంకెల పట్టికతో ఏ పాటనైనా తన గొంతుకు తగిన శ్రుతిలో వాయించుకోగలడు. గిటార్‌ను జనం చేతికి అందించిన తొలి మేలు ఇదేనని చెప్పాలి. 1606లో ఫ్లోరెన్స్‌లో మోంటెసార్డో ఇదే పనికి అక్షరాలు వాడాడు. ఆ అక్షరాలకు స్వరాల పేర్లతో సంబంధం లేదు. 'ఎ' అంటే జి మేజర్, 'బి' అంటే సి మేజర్. అక్షరం చూసి చెయ్యి ఆ ఆకారంలోకి వెళ్లాలి, అంతే. 1674లో జరగోజాలో వెలువడిన గాస్పర్ సాన్స్ గ్రంథం కార్డులను బాదే పద్ధతినీ, తీగలను విడివిడిగా మీటే పద్ధతినీ ఒకచోట చేర్చింది.

18వ శతాబ్దం చివరికి జంట తీగల వరసలు పోయి ఆరు ఒంటి తీగలు స్థిరపడ్డాయి. అక్కణ్ణుంచి సాధన స్వభావం మారింది. 1812లో వియన్నాలో మౌరో జులియాని వెలువరించిన అధ్యయనాల్లో కుడిచేతికే 120 అభ్యాసాలు ఉన్నాయి. అవన్నీ సి, జి7 అనే రెండే కార్డుల మీద నడుస్తాయి. ఎడమచేతికి పని తగ్గించి, ధ్యాసంతా కుడిచేతి వేళ్ల మీదే నిలిపే ఆలోచన అది. ఒక కష్టాన్ని విడదీసి, దాన్ని మాత్రమే సాధించే ఈ పద్ధతికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ గిటార్ సాహిత్యంలో అరుదు. మేల్జెల్ 1815లో మెట్రోనోమ్‌కు పేటెంటు పొందాక లయ కొలతకు యంత్రం కూడా తోడైంది.

ఫెర్నాండో సోర్ 1830లో పారిస్‌లో ప్రచురించిన గ్రంథం కసరత్తుల కన్నా కారణాలకు విలువిచ్చింది. చెయ్యి ఎలా పెట్టాలో శరీర నిర్మాణాన్ని బట్టి తర్కించింది. జంట స్వరాల నడకలు పట్టుబడితే ఫ్రెట్లన్నీ వశమవుతాయని చూపింది. సోర్ వేలి కొసల మాంసంతో మీటేవాడు. ఆయన స్నేహితుడు డియోనిసియో అగ్వాదో గోళ్లతో మీటేవాడు. ఇద్దరూ పారిస్‌లో ఒకే ఇంట్లో ఉన్నారు. సోర్ వారిద్దరి కోసం 'ఇద్దరు మిత్రులు' అనే యుగళ రచన చేశాడు. మత్తెయో కర్కాస్సి 25 అధ్యయనాలు ఈ తరం నుంచి నేటి తరగతి గదుల దాకా నిలిచాయి. తర్వాతి కాలపు ఫ్రాన్సిస్కో తార్రెగా (1852–1909) పద్ధతి గ్రంథం రాయలేదు. శిష్యుడు ఎమిలియో పుజోల్ 1934 నుంచి ఆ సంప్రదాయాన్ని సంపుటాలుగా అచ్చువేశాడు.

స్కేళ్లకు ప్రతిష్ఠ తెచ్చినది అండ్రెస్ సెగోవియా. 1953లో ఆయన 24 మేజర్, మైనర్ స్కేళ్లకు ఏ స్వరానికి ఏ వేలో నిర్ణయించి చిన్న పుస్తకంగా ఇచ్చాడు. అందులో చెయ్యి ఒకేచోట నిలవదు, తీగ వెంట జరుగుతూ పోతుంది.

జాజ్, రాక్ దారి వేరు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో ఒంటి స్వరాల పలుకును ముందుకు తెచ్చాడు. 1928 అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్న జాంగో రైన్‌హార్ట్ తన చేతికి తానే కొత్త నడక కూర్చుకున్నాడు. 1957లో బ్రిటన్‌లో బర్ట్ వీడన్ పుస్తకం 'ప్లే ఇన్ ఎ డే' అమాత్ మార్గాన్నే మళ్లీ పట్టింది: కొన్ని కార్డులు, వెంటనే పాట. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత విద్యాలయంలో విలియం లెవిట్ 1966లో మొదలుపెట్టిన 'ఎ మోడర్న్ మెథడ్ ఫర్ గిటార్' మాత్రం స్వరలిపి చదవడం తప్పనిసరి చేసింది. ఈ రెంటినీ కలిపే వంతెనగా సి, ఎ, జి, ఇ, డి అనే ఐదు ఓపెన్ కార్డుల ఆకారాలను ఫ్రెట్ల వెంట జరుపుతూ, ప్రతి ఆకారం చుట్టూ స్కేలును గుర్తించే 'కేజ్డ్' పద్ధతి వ్యాపించింది.

తెలుగువారికి స్కేళ్లను పట్టుకోవడానికి సొంత దారి ఉంది. మేజర్ స్కేలు స్వరాలు ధీర శంకరాభరణానివి. నేచురల్ మైనర్‌వి నటభైరవివి, హార్మోనిక్ మైనర్‌వి కీరవాణివి. రాక్ గిటారిస్టులు మొదట నేర్చే మైనర్ పెంటటానిక్ స్వరాలు శుద్ధ ధన్యాసివి. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం కాదు, గమకం కావాలి. అందుకే జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 'శక్తి' బృందం కోసం ఫ్రెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిచిన గిటార్ చేయించుకున్నాడు, తీగను లాగి గమకం పలికించడానికి. ఆయనతో తర్వాత 'రిమెంబర్ శక్తి'లో వాయించిన పాలకొల్లుకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద అదే సాధించాడు. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాయించేవారు కారు. గురువు పాడితే శిష్యుడు తీగ మీద పలికించేవాడు. ఫ్రెట్ల పటం గానీ కార్డుల పట్టిక గానీ ఆ పాఠంలో లేవు.