కర్త కనిపించని వాక్యాలు: భద్రాచలం అడవుల గురించిన ఆంగ్ల రచన

గోదావరి ఉత్తరపు ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారి చేతికి వచ్చి, కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. దక్షిణపు ఒడ్డున పాల్వంచ సంస్థానం మాత్రం నిజాం ఏలుబడిలోనే మిగిలింది. ఫలితంగా ఒకే నదికి ఒకవైపు ఇంగ్లీషు, మరోవైపు మొదట పార్శీ, ఆపైన ఉర్దూ కచేరీ భాషలయ్యాయి. కోయలు, కొండరెడ్లు ఉండే ఈ అడవి గురించి ఇంగ్లీషులో వచ్చిన రచనలన్నీ దాదాపుగా ఆ ఉత్తరపు ఒడ్డు కచేరీల నుంచి, దుమ్ముగూడెం మిషన్ నుంచి మొదలైనవే. వాటిలోని సమాచారాన్ని చరిత్రకారులు విరివిగా వాడుకున్నారు గానీ, వాటి వాక్యాలు ఎలా కట్టారన్నది తక్కువమంది పట్టించుకున్నారు. వాక్యంలో కర్త స్థానం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అని చూస్తూపోతే ఈ రచనా చరిత్రలోని మలుపులు చాలావరకు బయటపడతాయి.

హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా వృత్తాంతం గానీ, ఎఫ్. ఆర్. హెమింగ్వే రాసిన 1907 నాటి గెజిటీరు గానీ ఒకే బడి నేర్పిన శైలిలో నడుస్తాయి. ఆ శైలి మూలం 18వ శతాబ్దంలో ఉంది. లాటిన్ చదువుతో పెరిగిన జాన్సన్, గిబ్బన్ వంటి రచయితలు ఉపవాక్యాలను ఒకదాని వెనుక ఒకటి పేర్చి, అసలు విషయాన్ని చివరిదాకా నిలిపి ఉంచే కట్టుబాటును ఇంగ్లీషులో స్థిరపరిచారు. దీన్ని ఆంగ్ల అలంకారశాస్త్రం పీరియాడిక్ వాక్యం అంటుంది. క్రియతోనే వాక్యం ముగించే తెలుగువారికి ఇందులో వింత తోచదు. క్రియ ముందే వచ్చేసే ఇంగ్లీషులో మాత్రం అది ప్రయత్నపూర్వకమైన అలంకారం, చెప్పేవాడి అధికారానికి గుర్తు. దానికి తోడుగా లైటోటీస్ అనే మరో పద్ధతి ఉంది. 'చాలా' అనవలసిన చోట 'తక్కువేమీ కాదు' అని, తప్పు ఒప్పుకోవలసిన చోట 'పూర్తిగా దోషరహితం కాదు' అని నిరాకరణతో చెప్పడమే ఈ అలంకారం. దొరల నివేదికలకు ఇది ఊపిరి లాంటిది.

అయితే వీటికన్నా పెద్ద పని చేసింది కర్మణి ప్రయోగం. 1879లో రంపలో మొదలైన తిరుగుబాటు రేకపల్లి దాకా పాకింది. పోడు సాగు మీద పెరిగిన పన్ను, అడవిపై వచ్చిన కట్టుబాట్లు అందుకు కారణాల్లో కొన్ని. అటువంటి ఘటనను చెప్పే అధికారిక వాక్యాన్ని విప్పి చూస్తే దాని ఎముకల గూడు ఇలా తేలుతుంది: పన్ను పెంచబడింది, అసంతృప్తి వ్యాపించింది, బలగాలు పంపబడ్డాయి. పన్ను పెంచినవాడు వాక్యంలో లేడు, బలగాలు పంపినవాడూ లేడు. మధ్యలో 'అసంతృప్తి' అనే భావవాచకం తానే కర్తయి, కార్చిచ్చు మాదిరిగా తనంతట తానే వ్యాపిస్తుంది. తిరగబడినవారికి ఒక ఆలోచన ఉంది, ఒక లెక్క ఉంది అన్న సంగతి ఈ వ్యాకరణంలో ఇమడదు. రణజిత్ గుహా 1983లో సబాల్టర్న్ స్టడీస్ రెండో సంపుటంలో రాసిన వ్యాసం ఇటువంటి అధికారిక వచనాన్నే ముక్కలుగా విడదీసి చదివింది. తిరుగుబాట్లను ప్రకృతి ఉపద్రవాలతో పోల్చే రూపకాలు రైతు చైతన్యాన్ని ఎలా తుడిచేస్తాయో చూపింది. అంతకు ఏడాది ముందు వచ్చిన మొదటి సంపుటంలో డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప తిరుగుబాట్ల కథను కొండవారి వైపు నుంచి తిరగరాశాడు. గెజిటీరును నమ్మి చరిత్ర రాసేవారికి ఈ రెండూ ఆలస్యంగా అందిన హెచ్చరికలు.

దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1870లలో ఇండియన్ ఆంటిక్వెరీలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాసిన వ్యాసాలది వేరే దారి. కోయభాష తెలిసిన మనిషి కాబట్టి, విన్న కథలను, ఆచారాలను చిన్న చిన్న వాక్యాల్లో పోగుచేశాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన కులాలు, తెగల గ్రంథంలో కోయల గురించిన భాగం కెయిన్ రాతలపై బాగా ఆధారపడింది. అక్షరక్రమంలో పేర్చిన ఆ గ్రంథంలో కోయ ఎట్టకేలకు కర్త అయ్యాడు గానీ, కాలమే లేని సామాన్య వర్తమానంలో చిక్కుకున్నాడు: కోయ ఇలా తింటాడు, ఇలా పెళ్ళాడతాడు, ఇలా దహనం చేస్తాడు. నిన్న జరిగినది, ఒక ఊళ్ళో ఒకడు చేసినది, అందరూ ఎప్పుడూ చేసేదిగా మారిపోతుంది. మానవశాస్త్రవేత్తలు తరువాత దీన్ని ఎత్నోగ్రాఫిక్ వర్తమానం అన్నారు.

వియన్నాలో పుట్టి, జర్మన్ మాతృభాషగా పెరిగిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1941లో దక్షిణపు ఒడ్డున, పాపికొండల నడుమ కొండరెడ్ల ఊళ్ళలో మకాం పెట్టాడు. 1945లో వచ్చిన ఆయన పుస్తకంలో పోడు కొట్టే కొండరెడ్డితో పాటు, కాంట్రాక్టరు దగ్గర అప్పుపడి వెదురు నరికే కొండరెడ్డి కూడా కనిపిస్తాడు. సామాన్య వర్తమానం అక్కడా పోలేదు. కానీ దాని పక్కనే ఊరి పేరున్న వాక్యాలు, అప్పు ఇచ్చినవాడు కర్తగా ఉన్న వాక్యాలు వచ్చి చేరాయి. ఆర్వెల్ 1946లో కర్తరి వీలైనచోట కర్మణి వాడవద్దని రాసే నాటికే, అవసరం కొద్దీ ఈ మార్పు ఇక్కడ జరిగింది. అదే రచయిత 1982లో భారత గిరిజనుల బతుకుపోరు గురించి రాసిన పుస్తకంలో 'నేను' అన్న గొంతు, నాడు చూసినదానికీ నేడు చూస్తున్నదానికీ మధ్య భేదాన్ని బాధతో చెప్పే భూతకాలం ప్రధానమయ్యాయి.

వీటన్నిటికీ సమాంతరంగా నడిచిన మరో ఇంగ్లీషు చట్టాలది. అడవి బతుకుపై గెజిటీరు కన్నా ఎక్కువ ముద్ర వేసింది అదే. మద్రాసు 1917 చట్టంలోని కీలక వాక్యం, వేరే ఏ చట్టం ఏమి చెప్పినా సరే అని మొదలై, కొండజాతి మనిషి మరో కొండజాతి మనిషికి కాకుండా, ప్రభుత్వ ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా చేసే భూబదిలీ చెల్లదంటుంది. ఇతర చట్టాలను ముందే పక్కకు నెట్టే ఈ ఎత్తుగడను నాన్-అబ్‌స్టాంటే నిబంధన అంటారు. ఇక్కడ కర్త కొండజాతివాడు. అంటే నిషేధం అమ్మేవాడి మీద. భద్రాచలం తాలూకా ఖమ్మం జిల్లాలో కలిసిన 1959లోనే వచ్చిన భూబదిలీ రెగ్యులేషన్ కూడా ఆ పద్ధతినే అనుసరించింది. 1963లో అది తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. ఏజెన్సీలో అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలిచే 1970 సవరణ ఆ కర్తను మార్చింది: బదిలీ చేసేది షెడ్యూల్డ్ తెగవాడైనా కాకపోయినా, ఏ వ్యక్తి అయినా, గిరిజనుడికి తప్ప ఇస్తే చెల్లదు. దానికి తోడు మరో ఉపవాక్యం చేరింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు దొరికేదాకా, గిరిజనుడి నుంచే అతనికి వచ్చినట్టు ఎంచాలని అది చెప్పింది. దానితో రుజువు భారం కోయ రైతు మీద నుంచి అవతలివాడి మీదికి మారింది. 1997 జులైలో సుప్రీంకోర్టు విశాఖ ఏజెన్సీ గనుల లీజుల వ్యాజ్యమైన సమత కేసులో తీర్పు ఇచ్చినప్పుడు, ఆ వాక్యంలోని 'వ్యక్తి' స్థానంలో ప్రభుత్వం కూడా ఇముడుతుందని, గిరిజనేతరులకు సర్కారు ఇచ్చిన లీజులూ చెల్లవని ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు. మూడో న్యాయమూర్తి అందుకు ఒప్పుకోలేదు.