బంగారు రేకు నుండి మోటారు బండికి

నేటి మోటారు బండి ఇంజనులో బొటనవ్రేలంత సాధన మొకటి కలదు. దానిని కామ్‌షాఫ్టు సెన్సారు అందురు. అది చెడినచో బండి స్టార్టు కాకపోవచ్చును. ఈ చిన్న వస్తువు వెనుక ఒక విద్యార్థి సందేహ మున్నదని శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1879లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో ఎడ్విన్ హాల్ అను యువకుడు చదువుచుండెను. అప్పటి కతనికి 24 ఏండ్లు నిండలేదు. 1873లో వెలువడిన మాక్స్‌వెల్ మహాశయుని విద్యుచ్ఛాస్త్ర గ్రంథములో అతని కొక మాట కనబడెను: అయస్కాంతబలము తీగెపైననే పనిచేయును గాని, అందు ప్రవహించు విద్యుత్తుపై గాదని. ఈ మాట హాల్‌నకు సమ్మతము గాలేదు. గురువగు హెన్రీ రోలండునకు విన్నవించెను. గురువు మందలింపలేదు, తనకును ఆ సందేహమే కలదని చెప్పి ప్రోత్సహించెను.

తొలి ప్రయత్నములు ఫలింపలేదు. తుదకు గాజుపలకపై పలుచని బంగారు రేకు నతికించి, దానియందు విద్యుత్తును ప్రవహింపజేసి, అయస్కాంత ధ్రువముల నడుమ నుంచగా, రేకు రెండంచుల మధ్య స్వల్పమగు వోల్టేజి కానవచ్చెను. అయస్కాంతము విద్యుత్తునే ప్రక్కకు నెట్టుచున్నదని తేలెను. ఎలక్ట్రాను ఉనికి లోకమునకు తెలియుటకు ఇంకను 18 సంవత్సరములు పట్టినది.

లోహములలో ఈ వోల్టేజి అత్యల్పము. కావున 20వ శతాబ్ది ద్వితీయార్ధమున అర్ధవాహకములు ప్రచారములోనికి వచ్చిన పిదపనే ఇది పరిశ్రమలకు విరివిగా ఉపకరించెను.

ఇక ఇంజను సంగతి చెప్పెదము. నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండుమార్లు తిరుగునప్పటికి, వాల్వులను నడుపు కామ్‌షాఫ్టు ఒక్కమారు తిరుగును. ఈలోగా పిస్టను రెండుమార్లు పైకి వచ్చును: ఒకమారు ఇంధన మిశ్రమమును అదుముటకు, మరియొకమారు పొగను వెడలగొట్టుటకు. క్రాంక్‌షాఫ్టును మాత్రమే చూచినచో ఈ రెంటికి భేదము తెలియదు. కామ్‌షాఫ్టుతో తిరుగు పండ్లచక్రము సెన్సారు ముందు నుండి పోవునపుడు అయస్కాంత క్షేత్రము మారును. హాల్ కనుగొన్న వోల్టేజియు మారును. ఆ సంకేతమును బట్టి ఇంజను కంప్యూటరు ఏ సిలిండరున కెప్పుడు ఇంధన మీయవలెనో, ఎప్పుడు నిప్పురవ్వ పుట్టింపవలెనో నిర్ణయించును. అన్ని సెన్సారులును ఇట్టివి గాకున్నను, పలు బండ్లలో నున్నవి ఇవియే.

హాల్ ప్రయోగము చేసిననాటికి బెంజి మోటారు బండికి పేటెంటు సయితము రాలేదు. అది 1886 నాటి మాట. ఆయన కోరినది గ్రంథములోని ఒక వాక్యము నిజమో కాదో తేల్చుకొనుట మాత్రమే. తరగతిలో విద్యార్థి లేచి సందేహము వెలిబుచ్చినపుడు, మన ఉపాధ్యాయులు రోలండును స్మరింతురు గాక!